మా నాయిన క్లారినెట్ పట్టిన ఏడు

పోయిన నెల రాయచూరులో నా కుడికంటికి ఆపరేషన్ అయింది. కంటికి కట్టు కట్టి, మూడు రోజులు తల కదిలించొద్దని పడుకోబెట్టారు. రెండో కంటి చూపు ఎన్నడో అంతంత మాత్రమైంది గనక ఆ మూడు రోజులూ నాకు లోకమంటే చప్పుళ్లే. దవాఖాన వెనక సందులో బ్యాండు మేళం వాళ్ల దుకాణం ఉన్నట్టుంది. పొద్దున పది దాటగానే వాళ్ల సాధన మొదలయ్యేది. డ్రమ్ముల మోత, బాకాల అరుపులు, వాటి మధ్య దారి తప్పిన మనిషిలా ఒక్క క్లారినెట్. రెండో రోజు ఆ క్లారినెట్ వాయించేవాడు మిగతా వాళ్లందరూ చాయ్ తాగడానికి లేచి పోయాక ఒంటరిగా మొదలుపెట్టాడు. కింది స్వరాల నుంచి ఒక్కో మెట్టూ తడుముకుంటూ పైకి వస్తున్నాడు. నేను గబుక్కున లేచి కూచున్నాను. నర్సు పరుగెత్తుకొచ్చి, "అజ్జీ, ఏం చేస్తున్నవ్? పండుకో, కుట్లు తెగుతయ్!" అని కేకలేసింది. "జర ఆగు బిడ్డా, వాడు పై షడ్జమం అందుకుంటడో లేదో చూడనీ" అన్నాను. అందుకున్నాడు. నేను పడుకున్నాను గానీ, డెబ్బై ఏళ్లు దాటిన నా గుండె పెండ్లివారింటి ముందర నిలబడ్డ పిల్లదానిలా కొట్టుకుంటూనే ఉంది.

మాది గద్వాలలో దూదేకుల ఇల్లు. పరుపులూ బొంతలూ కుట్టడం మా ఆడవాళ్ల పని, సన్నాయి ఊదడం మా నాయిన పని. తెల్లవారగానే మా జేజి, నాయినను కన్న తల్లి, దూది ఏకే విల్లు అందుకునేది. ఆ నరం 'టంగ్ టంగ్' మని మోగుతుంటే దూది పొగమంచులా లేచి ఇల్లంతా కమ్ముకునేది. మా జొన్నరొట్టెల్లో దూది, మజ్జిగలో దూది, నా కనురెప్పల మీద దూది. మా ఇంట్లో పుట్టినవాళ్లకు దూది వాసన అంటే ఏమిటో తెలియదు, ఊపిరికి వాసన ఉంటుందా? వేరే ఇంటికి పోయినప్పుడే గాలి ఇంత పలచగా ఉందేమిటని తోచేది. ఆ దూది పొగలో నాయిన ఒక మూల గొంతుక్కూచుని సన్నాయి కొసన పెట్టే రెల్లు పీకను నోట్లో నానబెట్టుకునేవాడు. పీక నానేదాకా ఆయన మాట్లాడడు. ఏదడిగినా 'ఊఁ' అనే తప్ప ఇంకో జవాబు రాదు. అది కనిపెట్టిన మా అమ్మ కావలసినవన్నీ అప్పుడే అడిగేది. "నన్ను మా అమ్మగారింటికి పంపుతవా?" ఊఁ. "మాబమ్మను బడికి పంపుదమా?" ఊఁ. పీక నోట్లోంచి తీసి ఆయన లబలబలాడే లోపల మాట అయిపోయేది. నేను నాలుగు అక్షరాలు నేర్చుకున్నానంటే అదంతా ఆ పీక చలవే.

నాయిన పేరు హుస్సేనప్ప. కానీ ఆ పేరు ఒంటరిగా ఎవరి నోటా విన్న గుర్తు లేదు. 'హుస్సేనప్ప బాలప్ప మేళం' అని ఒక్క ఊపిరిలో అనేవారు. బాలప్ప డోలు వాయించేవాడు. ఇరవై ఏళ్లు ఇద్దరూ ఒకే బండిలో పెండ్లిళ్లకు పోయారు, ఒకే చెంబుతో నీళ్లు తాగారు. బాలప్ప మా అమ్మను 'అక్కా' అని పిలిచేవాడు, దాంతో నాయిన ఆయనకు బావయ్యాడు, ఆయన నాకు మామయ్యాడు. మతం, కులం ఎవరి ఇంట్లో వాళ్లకు ఉన్నాయి గానీ ఆ వరసకు అడ్డం రాలేదు. ఆయన వస్తున్నాడంటే ముందు డోలు గుమ్మంలోకి వచ్చేది, వెనకాల ఆయన బొజ్జ. కుడిచేతి వేళ్లకు తొడుగులు, ఎడమచేతిలో పుల్ల. ఆ పుల్లతో ఒక్క దెబ్బ వేశాడంటే మా అటక మీది ఎలుకలు పక్కింటికి పోయేవి.

మా మేళానికి మొక్కే మనుషులుండేవారు. అందరిలోకీ పెద్ద భక్తుడు సాలె కిష్టప్ప తాత. మా వెనక వీధిలో ఆయన మగ్గం. గుంటలో కాళ్లు పెట్టుకుని జరీ అంచు నేస్తూ, నాయిన సాధన వినబడగానే మగ్గం ఆపేసేవాడు. ఇంట్లోవాళ్లు తిట్టేవారు. "చేతులకు చెవులుండవా? వినబడంగనే ఆగుతయ్, నేనేం జేయాలె?" అనేవాడు. సాయంత్రం మా అరుగు మీదికొచ్చి, ఆ రోజు ఏ స్వరం బాగా పలికిందో, ఎక్కడ ఊపిరి తగ్గిందో ఒక్కటి కూడా వదలకుండా అప్పజెప్పేవాడు. ఆయన మెచ్చుకుంటే నాయిన ఆ పూట రెండు రొట్టెలు ఎక్కువ తినేవాడు.

ఇదంతా ఇట్లాగే సాగేది, నాయిన ఒక పెండ్లికి రాయచూరు పోకుండా ఉంటే. అక్కడ విడిది పక్క ఇంట్లో అంతోని మాస్టరని ఒక ముసలాయన ఉండేవాడట. సికింద్రాబాదు దండులో బ్యాండు వాయించి పింఛను పుచ్చుకున్న మనిషి. ఆయన పొద్దున కిటికీ దగ్గర కూచుని క్లారినెట్ మీద ఏదో మెల్లగా పలికిస్తుంటే నాయిన గోడ అవతల నిలబడిపోయాడు. ఆ తర్వాత నెలలో రెండుసార్లు ఏదో నెపంతో రాయచూరు పోయాడు. మూడోసారి చంకలో నల్ల పెట్టెతో తిరిగొచ్చాడు. మాస్టరుకు పండ్లన్నీ ఊడిపోయాయట. "పండ్లు లేని నోటికి ఇది పలకదు. నా పిల్లలకు దీని మీద ప్రేమ లేదు. నీ దగ్గర ఉంటే ఊపిరన్నా తగులుతుంది" అని చేతిలో పెట్టాడట.

పెట్టె తెరిస్తే లోపల ఎర్ర ముఖమల్ గుడ్డ, దాని మీద ముక్కలు ముక్కలుగా నల్లటి కట్టె, వెండి నగలు పెట్టుకున్నట్టు దాని ఒంటినిండా మీటలు. నాయిన ముక్కలన్నీ బిగించి, నోట పెట్టుకుని ఊదాడు. కీచుమని ఒక్క కూత. మా జేజి చేతిలోంచి విల్లు జారిపోయింది. "గొర్రెపిల్లను తెచ్చినవా ఏందిరా?" అంది. నెల రోజులు మా ఇంట్లో గొర్రెపిల్లలే. నాయినకు పరేషాన్ అయ్యేది. సన్నాయిలో గట్టిగా ఊదితే అవే వేళ్లతో పై స్థాయి వస్తుంది. ఇందులో ఊదితే ఇంకేదో స్వరం వచ్చి పడుతుంది. ఇరవై ఏళ్లుగా ఆలోచించకుండా కదిలిన వేళ్లకు మళ్లీ ఓనమాలు నేర్పాలి. అప్పుడు ఆయనకు నలభై దాటాయి.

అయినా ఒక రోజు జరిగింది. నేను లోపలి గదిలో దిండు గలేబులకు గుండీలు కుడుతున్నాను. గోడ అవతల నాయిన కింది స్వరాలు పలికిస్తున్నాడు. అకస్మాత్తుగా ఆ కీచు పోయింది. ఎవరో పెద్ద మనిషి నాకొక్కదానికే వినబడేట్టు, చెవి దగ్గర మెల్లగా మాట చెబుతున్నట్టుంది. సూది వేలికి గుచ్చుకున్నా నాకు తెలియలేదు. సన్నాయి ఎప్పుడూ నాతో మాట్లాడలేదు, అది ఊరితో మాట్లాడేది. ఇది నాతో మాట్లాడింది. పరుగున పోయి, "నాయినా, గట్లనే మల్లొక్కసారి!" అని అరిచాను. ఆయన ముఖం చూడాలి! చిన్నపిల్లవాడికి గాలిపటం ఎగిరినట్టుంది. ఆ రోజు నుంచి ఆయన పక్కన కూచుని తాళం వేసే పని నాదయింది. దొంతరగా పేర్చిన పరుపుల మీద అరచేత్తో ఆది తాళం. నాకప్పుడు పద్నాలుగేళ్లు.

ఇటిక్యాలలో ఒక రెడ్డిగారింటి పెండ్లికి నాయిన సన్నాయి బదులు క్లారినెట్ పట్టుకుపోయాడు. బాలప్ప మామ పెట్టెను చూశాడు గానీ ఏమీ అనలేదు, సరదాకు తెచ్చాడనుకున్నాడట. ఆ ఊళ్లో మా అమ్మ చెల్లెలుంది గనక మేమూ పోయాం. అందుకే నా కళ్లారా చూశాను. పందిరి బయట ఇద్దరూ కూచున్నారు. బాలప్ప పుల్ల పైకెత్తి డోలు మీద వేశాడు. అంతే, క్లారినెట్ మునిగిపోయింది. నాయిన బుగ్గలు ఉబ్బుతున్నాయి, మీటలు కదులుతున్నాయి, శబ్దం మాత్రం లేదు. లోపల్నుంచి ఎవరో, "సన్నాయి ఏమైంది? ఊదేటోడు నిద్రపోతుండా?" అన్నారు. నాయిన పక్కకు వంగి, "జర మెల్లగ కొట్టు బాలప్పా" అన్నాడు. మామ ఆయన వైపు అదోలా చూసి, ఇంకా గట్టిగా కొట్టాడు. తాళి కట్టే వేళకు అయ్యవారు లేచి నిలబడి, "సన్నాయి లేకుండా మంగళసూత్రం కట్టించను" అన్నాడు. పొరుగూరి నుంచి ఎవర్నో ఎడ్లబండి మీద ఉరికించి తెచ్చేదాకా ముహూర్తం ఆగింది. ఆ కాసేపూ నాయిన పెట్టె మీద చెయ్యి వేసుకుని తల వంచుకునే ఉన్నాడు.

తిరుగు బండి ఇటిక్యాల పొలిమేర దాటింది. బాలప్ప మామే మొదలుపెట్టాడు.

"ఇరవై ఏండ్ల సంది కొడుతున్న బావా. ఎవ్వడన్న మెల్లగ కొట్టు అన్నడా? నువ్వే గదా, ఇంకా కొట్టు, ఇంకా కొట్టు అంటుంటివి."

"అంటుంటి. ఇప్పుడు నాకు వేరే తీరుగ వాయించాలనున్నది."

"ఎందుకు? ఏం తక్కువైంది? నీ సన్నాయి మూడూర్లకు వినబడతది."

"మూడూర్లకు వినబడతది గానీ ఎదురుగ ఉన్నోడు చెవులు మూసుకోవాలె. మనం ఎన్ని పెండ్లిళ్లకు పోయినం బాలప్పా? ఎప్పుడన్న గడప లోపల కూచున్నమా? లోపల చాప మీద కూచుని పాడెటోళ్లను కిటికీల నుంచి చూస్తుంటిమి. వాళ్లు ఒక స్వరం పట్టుకుంటే మనుషులు ఊపిరి బిగబట్టి వింటుండ్రు. మనం ఊదుతుంటే అన్నాలు తింటుండ్రు. ఒక్కసారన్న నాకు గట్ల వాయించాలనున్నది. దీన్ని పట్టుకుంటే పోవచ్చు లోపలికి."

బాలప్ప మామ డోలును పొట్టకు దగ్గరగా లాక్కున్నాడు.

"నువ్వు పోతవు లోపలికి. డోలు లోపల పట్టదు. మరి నేనేడికి పోవాలె?"

ఊరి బయటే బాలప్ప మామ బండి దిగి, డోలు భుజానికెత్తుకుని నడిచి పోయాడు. మా అమ్మ, "బాలా, రొట్టె తిని పోదువు రా" అని కేకేసింది. ఆయన వెనక్కి చూడలేదు. కొన్నాళ్లకు ఆయన వనపర్తిలో ఇంకో సన్నాయి ఆయనతో కూడినాడని తెలిసింది.

ఆ తర్వాత నెలలు మా ఇంటికి పిలుపులు రాలేదు. పరుపులు కుట్టుకుని బతికాం. దానికి మేము దిగులుపడలేదు, ఎప్పుడూ ఉన్న పనే. దిగులు మనుషుల వల్ల వచ్చింది. సంతకు పోతే, "మీ నాయిన కిరస్తానీ పీక ఊదుతుండంట గదా" అని నవ్వేవారు. గుళ్లో మేళం వాయించే వాళ్లు నాయిన ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేవారు. అందరికన్నా కిష్టప్ప తాత కోపం మాకు తగిలింది. ఒక సాయంత్రం అరుగు మీద కూచోకుండానే, నిలబడే అన్నాడు: "హుస్సేనా, నీ సన్నాయి వింటే నా మగ్గం ఆగుతుండె. దీన్ని వింటే ఆగుతలేదు. నడుస్తనే ఉన్నది. నేనింక నీ ఇంటికి ఎందుకు రావాలె చెప్పు?" ఆ పూట నాయిన రొట్టె ముట్టలేదు.

కానీ ఆయన ఆగలేదు. మన గమకాలకు ఆ మీటలు అడ్డం వస్తున్నాయని ఒకనాడు కంసాలి దగ్గర కూచుని రెండు మీటలు ఊడదీయించాడు. ఖాళీ అయిన బెజ్జాలను లక్కతో పూడ్పించాడు. మా అమ్మ నెత్తి మీద చేతులు పెట్టుకుంది, "నగలు ఒలిచినట్టు ఒలిచినవు గదయ్యా!" అని. మాస్టరు ఇచ్చిన పీకలు పగిలిపోతే ఏటి ఒడ్డు నుంచి లావుపాటి రెల్లు కోసుకొచ్చి, సన్నాయికి చేసుకున్నట్టే కూచుని చెక్కాడు. ఎన్నో పాడయ్యాయి. బొటనవేలి చర్మం గీసుకుపోయింది. ఒక మధ్యాహ్నం సగం బెజ్జం మూసి, వేలిని నూనె మీద జారినట్టు జార్చి శహాన రాగంలో ఒక గమకం తీశాడు. నేను తాళం మరచిపోయాను. లోపల జేజి విల్లు కూడా ఆగింది. ఆవిడ బయటికొచ్చి, "ఏమంటుందిరా అది, మల్ల అనిపియ్యి" అంది. గొర్రెపిల్ల అన్న నోటితోనే!

అట్లాంటి రోజుల్లో గద్వాల వకీలు సాబు కబురు పెట్టాడు. కొత్తవంటే చెవి కోసుకునే మనిషి, ఇంట్లో గ్రామఫోను ఉండేది. కొడుకు పెండ్లి వనపర్తిలో. విడిదికి ముప్పై పరుపులు కావాలన్నాడు. మాట అయిపోయి లేవబోతూ, "హుస్సేనప్పా, పెండ్లి మర్నాడు పొద్దున విడిది హాల్లో కచేరీ పెడుతున్న. నీ కొత్త బాజా తీస్కరా. మృదంగానికి మంచి పంతుల్ని పిలిచిన. లోపలే కూచుందువు" అన్నాడు. ఆ రోజు నాయిన నోట్లో పీక లేదు, అయినా 'ఊఁ' అనే తప్ప మాట రాలేదు.

రైలెక్కడం నాకదే మొదటిసారి. పరుపుల మూటలు సామాన్ల డబ్బాలో, మేము కిటికీ పక్కన. కృష్ణ వంతెన మీదికి బండి రాగానే చక్రాల చప్పుడు మారిపోయింది. కింద గుండ్రటి బండల మధ్య నీళ్లు మెరుస్తున్నాయి. నాయిన తొడ మీద ఆ చక్రాల లయకు తాళం వేస్తూ, "వింటున్నవా మాబూ, మూడేసి దెబ్బలు, తిశ్రం!" అన్నాడు. నేను నవ్వాను. అమ్మ కొంగులోంచి చిల్లర తీసి ఏటిలో వేసి దండం పెట్టుకుంది. వనపర్తి రోడ్డు స్టేషన్లో దిగి బండ్ల మీద ఊళ్లోకి పోయేసరికి ఆడపెండ్లివారి ఇంటి ముందర మేళం మోగుతోంది. ఆ పుల్ల దెబ్బ నేను వెయ్యింటిలో పోల్చుకుంటాను. బాలప్ప మామ! ఆయన మమ్మల్ని చూశాడు. చూసి, డోలు మీదికి తల వంచుకున్నాడు.

మర్నాడు పొద్దున విడిది హాలు నిండిపోయింది. జంపఖానాలు, వాటి మీద మా పరుపులు, మా దిండ్లు. నాయిన కొత్త తలగుడ్డ చుట్టుకుని మధ్యలో కూచున్నాడు. పక్కన మృదంగం పంతులు రావాలి. ఆయన వచ్చాడు, నాయినను చూశాడు, వకీలు సాబును అవతలికి పిలిచాడు. మేము ఆడవాళ్లం తలుపు చాటున ఉన్నాం గనక ప్రతి మాటా వినబడింది. "క్లారినెట్ విద్వాంసుడన్నరు. ఈయన మేళం ఊదెటాయన గదా. వాకిట్ల ఊదే మనిషి పక్కన నేను మృదంగం పెడితే రేపు నన్ను ఎవరు పిలుస్తరు?" వకీలు బతిమాలాడు. పంతులు మృదంగానికి గలేబు తొడిగి, మూతి కట్టి, వెళ్లిపోయాడు. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. నాయిన ఒక్కడే, అంత పెద్ద జంపఖానా మీద, నల్లకట్టె ఒడిలో పెట్టుకుని.

ఏం ఆలోచించానో నాకు తెలియదు. వెనక తలుపు నుంచి బయటపడి పరుగెత్తాను. ఆడపెండ్లివారి ఇంటి అరుగు మీద బాలప్ప మామ తొడుగులు తుడుచుకుంటున్నాడు.

"మామా, పంతులు పోయిండు. నాయిన ఒక్కడే కూచుండు."

"కూచోనీ. గదే గావాలనె గదా."

"మేళం ఊదెటోని పక్కన కూచోనన్నడు మామా. అందరి ముంగట అన్నడు."

ఆయన చేతిలో తుడిచే గుడ్డ ఆగింది. "ఎవడన్నడు? మేళం అంటే ఏమనుకున్నడు?" అని లేచాడు. డోలు భుజానికెక్కింది. నేను వెనకాల పరుగు పెట్టవలసి వచ్చింది, ఆ బొజ్జతో అంత వేగంగా నడిచిన మనిషిని మళ్లీ చూడలేదు. విడిది గడప దగ్గర మాత్రం ఆగిపోయాడు. ఆ గడపలు దాటి ఎరగడు. లోపల నుంచి వకీలు తల్లి, ఆ ముసలమ్మ, గట్టిగా అంది: "నా నలుగురు బిడ్డల పెండ్లిళ్లు నీ డోలు మీదనే అయినయ్ బాలప్పా. వాకిట్ల నిలబడి ఏం జూస్తున్నవ్? లోపలికి రా."

ఆయన లోపలికి వచ్చి నాయిన పక్కన కూచున్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. బాలప్ప మామ ఎడమచేతి పుల్లను తీసి వెనకాల పెట్టాడు. కుడిచేతి తొడుగులు ఒక్కొక్కటే ఊడదీశాడు. భుజం మీది తువ్వాలు మడిచి డోలు ఎడమ మూతికి కట్టాడు. వట్టి వేళ్లతో ఒక్కసారి తట్టి చూసుకున్నాడు. పరుపు మీద నా అరచెయ్యి చేసే చప్పుడంత మెత్తగా వచ్చింది.

"ఏ తాళం?" అన్నాడు.

"నీ ఇష్టం" అన్నాడు నాయిన.

నాయిన శహాన అందుకున్నాడు. మొదట మనుషులు మాట్లాడుకుంటూనే ఉన్నారు. తర్వాత ముందు వరుస నిశ్శబ్దమైంది, తర్వాత మధ్య వరుస. గుమ్మం దాకా నిశ్శబ్దం పాకడం నేను తలుపు చాటున నిలబడి కళ్లతో చూశాను. బాలప్ప మామ మొదట్లో తడబడ్డాడు. రెండుసార్లు అలవాటు కొద్దీ ఎడమచెయ్యి పైకి లేచి, పుల్ల లేదని గుర్తొచ్చి కిందికి దిగింది. మూడోసారి ఆ చెయ్యి దిగుతూ దిగుతూ అరచేత్తో గుమ్మని చిన్న గుమకీ ఇచ్చింది. నాయిన ఉలిక్కిపడి పక్కకు చూశాడు. ఆ గుమకీనే అందుకుని స్వరంగా పలికించాడు. మామ దానికి జవాబిచ్చాడు. ఇంక చూసుకోండి! ఇరవై ఏళ్లు ఇద్దరూ అరుచుకున్నవాళ్లు మొదటిసారి మాట్లాడుకుంటున్నారు. వేగం పెరిగింది, చప్పుడు పెరగలేదు. వకీలు సాబు మోకాళ్ల మీద లేచి కూచున్నాడు. ముసలమ్మ తల ఊపుతోంది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది, ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు చిట్లింది. చివరి ముక్తాయింపును ఇద్దరూ కలిసి తాళం మొదటి దెబ్బ, సమం మీదికి దింపేసరికి హాలంతా ఒక్కసారి 'ఆహా' అంది. వనపర్తి సన్నాయి ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "మెల్లగ వాయిస్తే డోలుకు గింత మాట వస్తదని నాకు తెల్వదు" అని నాతోనే అన్నాడు, పక్కన ఇంకెవరూ లేరు గనక.

తిరుగు రైల్లో బాలప్ప మామ మాతోనే ఎక్కాడు. వేళ్ల కొసలు ఎర్రగా పొంగి ఉన్నాయి. అమ్మ నూనె రాస్తుంటే, "నీ మొగుని మెత్తటి సంగీతం నా చేతులు పాడు జేసిందక్కా" అని మూలిగాడు. వంతెన దాటాక నాయిన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"నిన్ను ఇడిసి పోదమని గాదు బాలప్పా."

"ఇడిసి పోయినవ్ గదా."

నాయిన కిటికీ నుంచి ముఖం తిప్పి, "పోయిన" అన్నాడు.

"గంతే. గదొక్కటి చెప్పు" అన్నాడు మామ. ఆ తర్వాత గద్వాల వచ్చేదాకా, రెండో చరణం దగ్గర తొందరపడింది నువ్వంటే నువ్వని ఇద్దరూ కొట్లాడుకున్నారు. డబ్బాలో మనుషులంతా వాళ్ల చుట్టూ మూగారు. నేను ఆ రోజంత సంతోషంగా మళ్లీ ఎన్నిసార్లున్నానో వేళ్ల మీద లెక్కపెట్టగలను.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. తాళి కట్టే వేళకు సన్నాయే కావాలని చాలా ఇళ్లవాళ్లు పట్టుబట్టారు, నాయిన పీక నానబెట్టుకుని అక్కడ సన్నాయే ఊదాడు. ఆ మృదంగం పంతులు చనిపోయేదాకా నాయినతో మాట్లాడలేదు. ఉప్పునుంతల దాకా కచేరీలకు పిలుపులు వచ్చినా, కొన్ని ఇళ్లలో లోపలికి పిలిచి కూడా ఇద్దరికీ వేరువేరు చాపలు వేసేవారు. అది చూసి బాలప్ప మామ డోలును తన చాప మీద పెట్టి, తాను నాయిన చాప మీద కూచునేవాడు. నేను బడిపంతులమ్మనై, నాలుగు పుస్తకాలు రాసి, ఎన్నో ఊళ్లు తిరిగాను. ఇప్పుడు మా మనవలు పాట నచ్చకపోతే చిటికెలో మార్చేస్తారు. నచ్చిన పాటగాడు పద్ధతి మార్చుకుంటే వాడి పేరే ఎత్తరు. తప్పని అనను, వాళ్లకు వినడానికి చాలా ఉంది. మాకు ఉన్నది ఒక్క హుస్సేనప్ప. ఆయన మీద కోపం వచ్చినా ఆయన్నే వినాలి, ఆయనతోనే పోట్లాడాలి. ఆ పోట్లాటలో కూడా ఎంత దగ్గరితనం ఉండేదో ఇప్పుడు తెలుస్తోంది.

వనపర్తి నుంచి వచ్చిన వారానికి కిష్టప్ప తాత మా అరుగు మీదికి వచ్చాడు. రైల్లో విన్నవాళ్లు, పెండ్లిలో విన్నవాళ్లు ఊరంతా చెప్పారు గనక ఆయన చెవిన పడింది. "ఏం జేసినవంట? ఊదు" అన్నాడు, కోపంగానే. బాలప్ప మామ డోలుకు తువ్వాలు కట్టాడు. నేను గడపలో కూచున్నాను. తాత కళ్లు మూసుకుని, చేతికర్ర గడ్డం కింద పెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా కదలకుండా విన్నాడు. అయిపోయాక నాయిన క్లారినెట్ ఒడిలో పెట్టుకుని తాత వైపు తిరిగాడు.

"హుస్సేనా, నాకు నచ్చలే" అన్నాడు తాత, కర్ర పట్టుకుని లేస్తూ. మెట్లు దిగి, నాలుగడుగులు నడిచి, వెనక్కి తిరిగాడు.

"రేపు జర తొందరగ మొదలు వెట్టు. మగ్గం దిగి వస్త."